అల్లుడు సార్‌కు పిలుపొచ్చిన రోజు

హరినాథ్ నాకు బడి రోజుల నుంచి తెలుసు. వెంకటాచలం దగ్గర మావి పక్కపక్క ఊళ్ళు. ఎవరితోనూ గొడవ పడని మనిషి. బస్సులో తన సీట్లో వేరేవాడు కూర్చున్నా లెమ్మనకుండా నెల్లూరు దాకా నిలబడే వచ్చేవాడు. అలాంటివాడు ఒక మనిషి చావుకు కారకుడని పేపర్లో చదివి, చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చుండిపోయాను. ఇంటిపేరు, ఊరు, వయసు అన్నీ సరిపోయాయి. అయినా నమ్మలేదు. జరిగిందంతా తెలిశాక మాత్రం, ఇంతకంటే ఆ పేపర్లో రాసిందే నిజమైనా బాగుండేదే అనిపించింది.

ఇల్లరికం అనే మాట ఇప్పుడెవరూ వాడరు. 'ప్లాంటు చూసుకోగలిగిన కుర్రాడు కావాలి' అంటారు. హరినాథ్ కెమిస్ట్రీ చదివాడు, వరి పండించే ఇంటి బిడ్డ, నోట్లో నాలుక లేనివాడు. ఈ మూడో గుణం చూసే కామాక్షయ్య తన కూతురు ఉషారాణినిచ్చాడని నేనంటే, మా ఊళ్ళో పెద్దవాళ్ళు నన్ను కసిరారు. కసిరినవాళ్ళు ఇప్పుడు నాకు ఎదురుపడటం లేదు.

కామాక్షయ్య కోట అనే టౌను దాటాక సముద్రం వైపున ఉన్న ఊరివాడు. పొలాలను రొయ్యల గుంటలుగా తవ్వి, బాగుపడి, చివరకు రొయ్యల ప్లాంటు కట్టాడు. చుట్టుపక్కల గుంటల్లో పట్టిన రొయ్య అక్కడికి వస్తుంది. ఆడవాళ్ళు వరసగా నిలబడి తలలు తీసి, పొట్టు వలిచి, సైజుల వారీగా వేరు చేస్తారు. గడ్డకట్టించి కంటైనర్లో ఎక్కించి పంపుతారు. ఆయన కష్టాన్ని నేను కాదనను. ఎండలో నల్లబడి పైకొచ్చిన మనిషే. కానీ పైకొచ్చాక ప్లాంటునూ ఇంటినీ ఒకటే చేసుకున్నాడు. కొడుకు కిషోర్ బాబు ఎండీ. కోడలు ప్రత్యూష ఎగుమతులు చూస్తుంది. కూతురు డైరెక్టరు. అల్లుడు మేనేజరు.

మేనేజరంటే పెద్ద మాటే. ఫ్యాక్టరీకి ఏం జరిగినా చట్టం ముందు నిలబడాల్సింది ఇతనని లైసెన్సులో పేరు రాస్తారు. హరినాథ్ వాళ్ళ నాన్న ఒకసారి చూడటానికి వెళ్ళి, గేటు దగ్గర బోర్డు మీద కొడుకు పేరు చూసుకుని మురిసిపోయాడు. పాపం, అదొక గౌరవం అనుకున్నాడు. హరినాథూ అదే అనుకున్నాడు. ఒక్క బోల్టు కొనాలన్నా కిషోర్ బాబు సరే అనాలి, అప్పుడే కొనాలి. పెత్తనం ఒకరిది, పేరు ఇంకొకరిది. దాన్ని వాళ్ళింట్లో నమ్మకం అనేవాళ్ళు.

ఆ ఇంట్లో ఇంకో అలవాటుంది. ప్లాంటుకు రోడ్డు అవతల, కొబ్బరితోట దాటాక వాళ్ళ ఇల్లు. మధ్యాహ్నమయ్యేసరికి కామాక్షయ్య భార్య ఆదిశేషమ్మ ఒక్కొక్కరికీ తనే ఫోను చేసి అన్నానికి పిలుస్తుంది. ఎంత పనున్నా ఆమె పిలిస్తే లేచి రావాల్సిందే, అందరూ ఒక్కచోట తినాల్సిందే. హరినాథ్‌కు మాత్రం పిలుపు రాదు, క్యారియర్ వస్తుంది. ఎవరో ఒకరు మనవాళ్ళు ప్లాంటులో ఉండాలి గదా అని పెళ్ళయిన కొత్తలోనే చెప్పారు. అతనికి అది కూడా గౌరవంగానే తోచింది.

ప్లాంటులో పనిచేసే ఆడవాళ్ళు అతన్ని అల్లుడు సార్ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది ఆనందకుమారి. వాళ్ళ పేటనుంచి ఆటోలో వచ్చే బృందానికి ఆమే పెద్ద. ఆటో నడిపేది ఆమె భర్త జడ్సన్. చర్చిలో, పేటలో, ప్లాంటులో ఎక్కడైనా ముందు ఆమె గొంతే వినిపించేది. ప్రతి దసరాకూ ఆయుధపూజ రోజున కామాక్షయ్య ఆడవాళ్ళందరికీ చీరలు పంచి, "మీరు కూలోళ్ళు గాదమ్మా, మా ఇంటి మనుషులు" అనేవాడు. ఒక దసరాకు ఆనందకుమారి చీర అందుకుంటూ, "ఇంటి మనుషులమే గదయ్యా, మరి పీఎఫ్ ఎందకు కట్టరు" అని అడిగింది. "ఇంట్లోవాళ్ళకు ఎవరన్నా పీఎఫ్ కడతారామ్మా" అని ఆయన నవ్వాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ నవ్వు సంగతి విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. మనిషిని ఇంటి మనిషి అన్నావంటే ఇక హక్కులడగకూడదు, అడిగితే ఇంటిని తప్పుపట్టినట్టు.

రొయ్యను గడ్డకట్టించేది అమ్మోనియా గ్యాసు. కంప్రెసర్ గదిలో ఒక వాల్వు, దాని పక్కన పైపు తుప్పుపట్టిన సంగతి హరినాథ్ చూశాడు. వేరే కంపెనీలో అయితే మేనేజరు కాగితం మీద రాసి సంతకం పెట్టి యజమానికి ఇస్తాడు. పిల్లనిచ్చిన మామకు నోటీసు ఎవడిస్తాడు? హరినాథ్ భార్యకు చెప్పాడు. ఆమె వాళ్ళమ్మకు చెప్పింది. ఆ అమ్మ కొడుకుతో అంది. పైపు సంగతి అలా అలా తిరిగి, అల్లుడికి మన మీద నమ్మకం లేదంట అనే అలకగా మారింది. చివరకు కామాక్షయ్య అల్లుణ్ణి పిలిచి, "మీరూ మీరూ బావా బావమరుదులు, మీలో మీరు మాట్లాడుకోండి, నన్నెందుకు మధ్యలోకి లాగుతారు" అన్నాడు. కిషోర్ బాబు సీజను అయిపోనీ చూద్దాం అన్నాడు. పరాయి ఉద్యోగి అయివుంటే ఆ పైపు గురించి కనీసం ఒక్క కాగితమన్నా మిగిలేది. అల్లుడు గనక అత్తింటి అలకే మిగిలింది.

ఆ రోజు కంటైనర్ ఎక్కిస్తున్నారు. హరినాథ్ లోడింగ్ దగ్గరున్నాడు. భోజనాల వేళ ఇంకా కాకముందే ఫోను మోగింది. ఆదిశేషమ్మ.

"అబ్బయ్యా, అన్నానికి రా."

"నేనా అత్తమ్మా?"

"నువ్వే. కొరమేను పులుసు చేసినా. తొందరగా రా."

తరవాత నాకు ఈ మాట చెప్పేటప్పుడు హరినాథ్ నా ముఖంలోకి చూడలేదు. "సంతోషమేసిందిరా," అన్నాడు. "ఇన్నేళ్ళకు పిలిచింది గదా అనుకున్నా." చేతులు సబ్బుతో కడుక్కుని, తడిచేత్తో జుట్టు సర్దుకుని బయల్దేరాడట. వలిచే హాలు దాటుతుంటే ఆనందకుమారి చూసింది.

"ఏంది సార్, ఈరోజు మీకు పిలుపొచ్చిందా?"

"వొచ్చింది. కొంచెం చూసుకుంటా ఉండమ్మా."

"పొయ్యి కడుపునిండా తినండి. మేం యాడికి పోతాం," అందామె. కళ్ళు మండుతున్నాయని పక్కన ఇంకో ఆమె అంటే, ఎప్పుడూ ఉండే వాసనే గదా అని అందరూ పనిలో పడ్డారు. హరినాథ్ కూడా అదే అనుకున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి వరండాలో కుక్క ఉంది. ప్లాంటు గేటు దగ్గర ఎప్పుడూ గొలుసుతో కట్టేసి ఉండే కుక్క. దాన్నెవరు తెచ్చారా అనుకుంటూ లోపలికి వెళ్ళాడు. కిటికీలన్నీ మూసి ఏసీ వేశారు. మామ, బావ కిషోర్ బాబు, ప్రత్యూష, ఉషారాణి అప్పటికే కూర్చుని ఉన్నారు. అతనికీ విస్తరి వేసి ఉంది. ఆదిశేషమ్మ పులుసు వడ్డించింది. రెండు ముద్దలు తిన్నాడో లేదో, కిషోర్ బాబు ఫోను చూసుకుంటూ వాళ్ళ నాన్నతో అన్నాడు.

"మెకానిక్ సెల్వం తడ చెక్‌పోస్టు దాటినాడంట."

"ఇంకేముంది. వొచ్చి వాల్వు బిగిస్తే సరిపోతాది," అన్నాడు కామాక్షయ్య.

హరినాథ్ తలెత్తాడు. "ఏం వాల్వు?"

ఆదిశేషమ్మ అతని విస్తట్లో ఇంకో ముక్క వేసింది.

"కంప్రెసర్ రూములో లీకు బావా," అన్నాడు కిషోర్ బాబు. "పొద్దున్నించి ఉండాది. ఇప్పుడు కొంచెం ఎక్కవైంది. ఆపరేటర్ని మెకానిక్కు ఎదురు పంపినా. ఎవురికీ చెప్పలా."

"సైరన్ కొట్టలేదా?"

"కొడితే ఊరోళ్ళు వొచ్చి పడతారు. ఆఫీసర్లు వొస్తారు. కంటైనర్ ఆగిపోతాది. మళ్ళా సంవత్సరం దాకా కొనేవోడు మన ముఖం చూడడు."

"లోపల ఆడోళ్ళుండారు బావా."

"వాళ్ళకేం కాదు," అన్నాడు కామాక్షయ్య. "కళ్ళు మండుతాయి, కాసేపు దగ్గుతారు. మనవాళ్ళంతా ఇక్కడే ఉండారు గదా. ముందు అన్నం తిను."

మనవాళ్ళంతా అన్న మాట దగ్గర నేను హరినాథ్‌ను ఆపి, మళ్ళీ చెప్పమన్నాను. అదే మాట మళ్ళీ చెప్పాడు. గేటు దగ్గరి కుక్క కూడా ఆ లెక్కలోకి వచ్చింది. పండగకు చీరలిచ్చి ఇంటి మనుషులన్నవాళ్ళు రాలేదు. ఆ ఇంట్లో ఎవరికీ అది తప్పనిపించలేదు, నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది అదే. వాళ్ళు రాక్షసులు కాదు. ఒకరికొకరు చేపముక్కలు వేసుకుంటూ, నీళ్ళు పోసుకుంటూ ప్రేమగానే ఉన్నారు.

హరినాథ్ లేచాడు. ఉషారాణి చెయ్యి పట్టుకుంది. "కూర్చోండి, నాన్న చెప్తా ఉండాడు గదా."

కామాక్షయ్య అతని వైపు చూడకుండానే, "కూర్చో హరినాథా," అన్నాడు.

హరినాథ్ కూర్చున్నాడు. ఇంకో ముద్ద కలుపుకుని తిన్నాడు. ఇది అతను దాచిపెట్టినా నాకు తెలిసేది కాదు. కానీ చెప్పాడు.

అప్పుడు అతని ఫోను మోగింది. ఆనందకుమారి. కిషోర్ బాబు చెయ్యి చాచి ఫోనును బోర్లా తిప్పాడు. ఆగిపోయింది. మళ్ళీ మోగింది. ఈసారి హరినాథ్ ఎత్తాడు. మొదట దగ్గు వినిపించింది, వెనక ఆడవాళ్ళ అరుపులు.

"సార్, సైరన్ నొక్కేది యాడ సార్? ఆఫీసు రూముకు తాళమేసి ఉండాది."

హరినాథ్ ఎంగిలి చెయ్యి చాపి బావను తాళంచెవి అడిగాడు. కిషోర్ బాబు చెయ్యి జేబులోకి పోలేదు. వాళ్ళ నాన్న ముఖం చూశాడు. నాన్న పెరుగు కలుపుకుంటున్నాడు. హరినాథ్ ఇక అడగలేదు. అలాగే పరిగెత్తాడు.

తోట దాటేసరికే గ్యాసు ముక్కుకు కొట్టిందట. గేటు బయట జడ్సన్ ఆటో ఉంది. ఇద్దరూ కలిసి ఆఫీసు అద్దం పగలగొట్టి సైరన్ నొక్కారు. చల్లదనం పోకూడదని దించి ఉంచిన వెనక షట్టరు ఎత్తారు. ఆడవాళ్ళు తడిపిన చున్నీలు, కొంగులు ముఖానికి పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడుతూ బయటికొచ్చారు. ఆనందకుమారి మాత్రం రాలేదు. ఆమె బయటిదాకా వచ్చి, తన వాళ్ళలో ఇద్దరు ఐసు గదిలో ఉండిపోయారని మళ్ళీ లోపలికి వెళ్ళిందని ఎవరో చెప్పారు. ఆ ఇద్దరూ వచ్చారు. ఆమెను హరినాథ్, జడ్సన్ మోసుకొచ్చారు. ముఖం అంతా పొక్కిపోయి, ఊపిరి పీలుస్తుంటే గొంతులో గరగర శబ్దం.

ఆ వారంలోనే నెల్లూరు ఆసుపత్రిలో చనిపోయింది. చివరిదాకా మాట రాలేదు.

పోలీసులు ఇంటికి వచ్చినరోజు హరినాథ్ వరండాలో కూర్చుని ఉన్నాడు. లోపల ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతున్నారు. తలుపు తెరిచే ఉంది. ముందు కామాక్షయ్య గొంతు వినిపించింది. "ప్లాంటు సంగతి అల్లుడుగారికే తెలుసు సార్. ఆయనే మేనేజరు. ఆరోజు డ్యూటీ వదిలేసి అన్నానికి వొచ్చినాడు. లీకు సంగతి మాకు చెప్పలా." తరవాత కిషోర్ బాబు అదే చెప్పాడు. ప్రత్యూష అదే చెప్పింది. ఒక్క మాట తేడా లేదు. తరవాత ఉషారాణి. ఆమె ఏం చెప్తుందోనని హరినాథ్ లేచి నిలబడ్డాడట.

"అన్నానికి వొచ్చినారు సార్. మాకేం చెప్పలా," అంది ఉషారాణి.

అతనికి భార్య అబద్ధం చెప్పిందనే బాధ కూడా అప్పుడు రాలేదట. ఇంతమంది కూర్చుని, తనను తప్పించి, ఈ మాటను ఎప్పుడు అనుకున్నారా అన్నదే తలలో తిరిగిందట. ఇంటిల్లిపాదీ కలిసి మాట్లాడుకునేది అన్నం దగ్గరే. అంటే మళ్ళీ అందరూ కూర్చుని తిన్నారు, అతనికి క్యారియర్ వచ్చింది.

పోలీసులు తీసుకెళ్ళేముందు అతను అత్తను ఒక్కటే అడిగాడు. "ఆరోజు నన్నెందుకు పిలిచినారు అత్తమ్మా?"

ఆదిశేషమ్మ కళ్ళు తుడుచుకుంటూనే చెప్పింది. "నా బిడ్డ బొట్టు కోసం పిలిచినా అబ్బయ్యా. నీకేమన్నా అయితే అది ఏమైపోతాది?"

ఆమె అబద్ధమాడలేదు. కొరమేను పులుసు వెనక అల్లుడు లేడు, కూతురి బొట్టుంది. ఆ బొట్టు నిలబడింది, ఇక మనిషి ఎక్కడుంటే ఏం.

కామాక్షయ్యే లాయరును పెట్టి బెయిలు ఇప్పించాడు. షరతు ఒక్కటే. తన అజాగ్రత్త వల్లే జరిగిందని హరినాథ్ ఒప్పుకోవాలి. అలా ఒప్పుకుంటే శిక్ష తక్కువ పడేటట్టు చూస్తారు, బడికి పోతున్న అతని కూతుర్ని చదివిస్తారు, బయటికొచ్చాక మళ్ళీ ఇంటి అల్లుడే. హరినాథ్ వెంకటాచలం వచ్చి నాన్న దగ్గర ఉండి పొలం పనులు చూసుకున్నాడు. ఒప్పుకుందామనే అనుకున్నాడు. నేను తిట్టాను. "నేను కూర్చున్నది నిజమే గదరా," అన్నాడు. ఆనందకుమారి చావుకు ఎవరో ఒకరు శిక్ష అనుభవించాలి, అది తానైతే ఏం అని అతని లెక్క. ఆ లెక్కలో మిగతావాళ్ళు ఎట్లా తప్పించుకుపోతున్నారో చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది గానీ అతని చెవికెక్కలేదు.

వాయిదాకు ముందు ఒక మధ్యాహ్నం నేను వాళ్ళింట్లో ఉండగా ఉషారాణి కారులో వచ్చింది. పలకరింపులయ్యాయి. మంచినీళ్ళు తాగింది. ముఖం కళగా ఉంది.

"ప్లాంటు మళ్ళా తెరిచినారు," అంది. "నాన్న నన్ను మేనేజర్ని చేసినాడు. లైసెన్సు కూడా వొచ్చేసింది."

హరినాథ్ చేతిలో ఉన్న గోనెపట్టా కింద పడింది. నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తరవాత అర్థమైంది, ఈసారి లైసెన్సులో పేరు ఆమెది. పరాయివాళ్ళను ఎరగా వేసేవాళ్ళను చూశాను. అల్లుణ్ణి వేశారంటే సరే అనుకున్నాను. కన్నకూతుర్ని కూడానా.

"పైపులు మార్చినారా?" అడిగాడు హరినాథ్.

"అయ్యన్నీ అన్న చూసుకుంటాడు. నేను పేరుకే."

"నేనూ పేరుకే గదా ఉషా."

ఆమె ముఖం ముడుచుకుంది. "నన్ను మా నాన్న ఇరికిస్తాడా? నేనేమన్నా బయట నించి వొచ్చినదాన్నా?"

హరినాథ్ గోనెపట్టా తీసి గోడకేసి పెట్టాడు. తరవాత అన్నాడు. "నేను ఒప్పుకోను. జరిగిందంతా జడ్జి ముందర చెప్తా. ఆ ప్లాంటు మూతబడితేనే నువ్వు బతికి ఉంటావు."

"మావాళ్ళందర్నీ జైల్లో పెట్టించి నన్ను బతికిస్తారా?" ఆమె లేచింది. "ఎన్నేళ్ళున్నా మీరు పరాయోళ్ళే."

కారు వెళ్ళిపోయింది. అతను ఆపలేదు.

కోర్టుకు నేనూ వెళ్ళాను. వెనక బల్ల మీద జడ్సన్ పక్కన కూర్చున్నాను. కామాక్షయ్య కుటుంబం ముందు వరసలో ఉంది. హరినాథ్ పిలుపు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాడు. తాను మళ్ళీ కూర్చుని ముద్ద తిన్న సంగతి కూడా చెప్పాడు. మామ లాయరు మధ్యలో లేవబోతే జడ్జిగారు కూర్చోమన్నారు.

"లీకు సంగతి తెలిసి ఆ గదిలో కూర్చున్నది ఎవరెవరు?" అని అడిగారు.

"మా మామ, మా అత్తమ్మ, మా బావ," అన్నాడు హరినాథ్.

"చుట్టరికాలు వద్దు. పేర్లు చెప్పండి."

అతను ఒకసారి ముందు వరస వైపు చూశాడు. పెళ్ళయినప్పటి నుంచి వాళ్ళలో పెద్దవాళ్ళ పేర్లు అతని నోటివెంట వచ్చి ఉండవు. కామాక్షయ్య అన్నాడు. ఆదిశేషమ్మ అన్నాడు. కిషోర్ బాబు, ప్రత్యూష అన్నాడు. అక్కడ ఆగాడు. ఉషారాణి తల వంచుకుని ఉంది. జడ్జిగారు ఇంకెవరైనా ఉన్నారా అని మళ్ళీ అడిగారు.

"ఉషారాణి," అన్నాడు. బంట్రోతు మంచినీళ్ళు ఇవ్వబోతే వద్దని, ఆఖరున తన పేరు కూడా చెప్పాడు.